చిట్టాలో ఞ

తెలుగు చదవడం రాకముందే
తెలుగు అక్షరాలతో లెక్కపెట్టడం వచ్చింది నాకు.
బళ్ళో అరవం, ఇంగ్లీషు. ఇంట్లో నోటినిండా తెలుగు,
రాసేవాళ్ళు మాత్రం లేరు.
కొత్తవాల్ చావడిలో చింతపండు గిడ్డంగి అరుగు మీద
తులసింగం మామ ఒళ్ళో
పొడుగాటి చిట్టా పుస్తకం ఒకటి ఉండేది.

తొమ్మిది దాటినా ఆయన పక్క గడికి పోడు.
పదికి క. పదకొండుకి ఖ.
గ ఘ ఙ, చ ఛ జ ఝ,
పంతొమ్మిదికి ఞ.
ఇరవై నిండితేనే ఒకటీ, పక్కన సున్నా.
"ఇరవై తూములు పుట్టి, ఇరవై మణుగులు బారువ.
మన పెద్దోళ్ళు కాలివేళ్ళని గూడా లెక్కలోకి తీసుకున్నారు పాపా,
చెప్పులేసుకున్నోళ్ళు పది కాడే ఆగిపోయినారు."

ఏ మాటలోనూ పని దొరకని ఞ కి
ఇక్కడ రోజుకూలీ ఉందని
నాకెంత సంబరమో.

వానకి లారీలు రాని మధ్యాహ్నాలు
బస్తా మీద కూర్చోబెట్టి చూపించేవాడు.
౫ ని ౫ తో హెచ్చవేస్తే ౧౫. కొసన మళ్ళీ ౫.
ఛ ని ఛ తో హెచ్చవేస్తే గఛ. కొసన మళ్ళీ ఛ.
తమతో తాము ఎన్నిసార్లు పెనుగులాడినా
ఇద్దరూ కొసన చెక్కుచెదరరు.
ఒకరినొకరు హెచ్చవేసుకుంటే మాత్రం ౪౦,
నాలుగు ఇరవైలు, కొసన సున్నా.
"మీ అత్తా నేనూ" అని పకపక నవ్వేవాడు.
పక్క కొట్లో మిరపకాయలు ఏరుతూ ఆవిడ
"వినబడతాంది" అనేది.

ఞ సంగతి వేరు.
దాని ఎక్కం ౧ఝ, ౨జ, ౩ఛ అంటూ
తక్కెడలా ఒక పక్క లేస్తూ ఒక పక్క దిగుతూ పోతుంది.
అంకెలు కూడితే ఞ.
కాలేదంటే, మళ్ళీ కూడు, అవుతుంది.

ఓసారి గజ అని రాశాను.
ఏనుగని తెలీదు నాకు,
రెండొందల యాభయ్యేడు బస్తాలు, అంతే.
హమాలీలకి పంచబోతే ఏ వాటాకీ లొంగలేదు.
"తిప్పి రాయి" అన్నాడు. జగ.
పదకొండు మందికి సమంగా తెగింది.
"పెద్దదాంట్లోంచి చిన్నది తీసెయ్." ౪చ.
"ఇప్పుడు కూడు."
కూడాను. వేలితో మూడుసార్లు సరిచూసుకున్నాను.
ఞ.
"ఏ జంటని తిరగేసినా, నడుమ తేడా దాని సొమ్మే."

మామకి ఎడమచేతి చిటికెనవేలు లేదు.
కాటా గొలుసు తీసుకుంది, నేను పుట్టకముందు.
నీ వేళ్ళెన్ని అంటే
కాళ్ళూ చేతులూ చాపి, బడిపిల్లాడిలా
"ఞ" అనేవాడు.

మార్కెట్టుని కోయంబేడుకి మార్చిన ఏడు
గిడ్డంగి ఖాళీ అయిపోయింది, పులుపు వాసన మిగిలింది.
చిట్టా చివరి పేజీలో మొత్తం
ఞఞఞ.
కింద గీత కూడా కొట్టలేదు.
గుమ్మం పక్కన ఇంకో బస్తా ఉంది, నేను చూశాను,
కుట్టు తెగి ఈనెలు బయటికొచ్చిన బస్తా.
"అది రాయలేదేం మామా?"
"రాస్తే మూడు గళ్ళూ సున్నాలైపోతాయి.
ముందర ఒకటి నిలబడతాది, నిజమే.
ఆ ఒక్కదాన్ని మోసుకొని యాడికి పోవాల?"

ఆ బస్తాని మేమే ఇంటికి తెచ్చుకున్నాం.
ఏడాదంతా చారు.

తెలుగు చదవడం ముప్పై దాటాక నేర్చుకున్నాను,
పెరంబూర్ నుంచి బీచ్ స్టేషన్‌కి పోయే రైల్లో,
తొమ్మిదేళ్ళ పిల్లల వాచకం పట్టుకుని.
కూలీ దొరకదనుకున్న ఞ
ఒకచోట జ కింద నలిగి కూర్చుని కనిపించింది,
జ్ఞాపకం అన్న మాటలో.
పెదవులతో లెక్కేసుకున్నాను. జ, ఞ.
మూడొందల యాభై తొమ్మిది.
రాయపురం వచ్చేదాకా దాన్ని వాటాలు వేస్తూనే ఉన్నాను,
రెండుకీ, మూడుకీ, ఏడుకీ, పదకొండుకీ, పదిహేడుకీ.
తెగలేదు.